సొంత సబ్‌క్లాస్ చేస్తున్నారా? ముందు ఈ లెక్క చూడండి

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ చాలామంది అడుగుతున్నదే: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మన సొంత సబ్‌క్లాస్ ఎలా తయారు చేసుకోవాలి?

ఇందులో సరదా ఎంతుందో రిస్క్ కూడా అంతే ఉంది. టేబుల్ చుట్టూ నలుగురు ప్లేయర్లు కూర్చున్నారనుకోండి. ఒకడి సబ్‌క్లాస్‌కి బలం ఎక్కువైతే ప్రతి ఫైట్ వాడే ముగించేస్తాడు, మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. రెండు ఆదివారాలు ఇలా గడిస్తే మూడో ఆదివారం ఎవరికో పని పడుతుంది. క్యాంపెయిన్ అక్కడితో సరి. అందుకే ఐడియా ఎంత ముఖ్యమో లెక్క కూడా అంతే ముఖ్యం.

ఏ లెవెల్‌లో ఏమివ్వాలి?

క్లాస్ అంటే వృత్తి, సబ్‌క్లాస్ అంటే ఆ వృత్తిలో మీరు పట్టిన దారి. యాక్షన్ సర్జ్ ఫైటర్లందరికీ వస్తుంది. ఛాంపియనా, బ్యాటిల్ మాస్టరా అన్నది సబ్‌క్లాస్. మనం ముట్టుకునేది ఈ రెండోదాన్నే.

2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో క్లెరిక్, సార్సరర్, వార్‌లాక్ ఒకటో లెవెల్‌లోనే సబ్‌క్లాస్ ఎంచుకుంటారు. విజార్డ్, డ్రూయిడ్ రెండులో, మిగతావాళ్లు మూడులో. 2024 పుస్తకంలో అందరికీ మూడే. ఆ తర్వాత ఫీచర్లు ఎప్పుడొస్తాయన్నది క్లాస్‌ని బట్టి మారుతుంది. ఫైటర్‌కి 3, 7, 10, 15, 18. రోగ్‌కి 3, 9, 13, 17.

రోగ్ వరస గమనించారా? మూడు తర్వాత మళ్లీ తొమ్మిదే. అంటే మూడులో ఇచ్చినదానితోనే ఆరు లెవెల్స్ నెట్టుకురావాలి. 17లో వచ్చే గొప్ప పవర్ గురించి రోజులకొద్దీ ఆలోచించేవాళ్లున్నారు. దాకా వెళ్తారో లేదో తెలీదు కదా! మీ టైమంతా మూడో లెవెల్ మీద పెట్టండి.

ఉదాహరణ: కర్రసాము ఫైటర్

జాతరల్లో, ఊరేగింపుల్లో కర్రసాము చూసే ఉంటారు. దాన్ని ఫైటర్ సబ్‌క్లాస్‌గా చేద్దాం. రూల్స్‌లో దగ్గరి ఆయుధం క్వార్టర్‌స్టాఫ్. రెండు చేతులతో పట్టుకుంటే 1డి8.

ఎవరికైనా ముందు తట్టేది ఇదే: ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో కర్ర రెండో కొసతో ఇంకో దెబ్బ, 1డి4 ప్లస్ స్ట్రెంగ్త్. బాగుందా? లెక్కేద్దాం. ముగ్గురు ఫైటర్ల చేతిలోనూ అదే కర్ర, అందరూ మూడో లెవెల్.

మన కర్రసాము: 1డి4 సగటు 2.5, స్ట్రెంగ్త్ +3, మొత్తం 5.5. వందలో 65 సార్లు తగులుతుందనుకుంటే టర్న్‌కి అదనంగా సుమారు 3.6.

బ్యాటిల్ మాస్టర్: నాలుగు డి8లు, మొత్తం సగటు 18. రెండు రెస్ట్‌ల మధ్య ఆరు రౌండ్ల ఫైటింగ్ ఉంటే రౌండ్‌కి 3.

ఛాంపియన్: 19కి కూడా క్రిటికల్. అంటే 5 శాతం ఛాన్స్ పెరిగింది. 1డి8 సగటు 4.5 కాబట్టి దెబ్బకి 0.23 కూడా రాదు.

బ్యాటిల్ మాస్టర్‌కి దగ్గరగానే ఉంది కదా అంటారు. కానీ వాడి డైస్ అయిపోతాయి, మనది అయిపోదు. ఫైట్ ఎంత సాగితే తేడా అంత పెరుగుతుంది. పైగా పోల్‌ఆర్మ్ మాస్టర్ అనే ఫీట్ ఇచ్చేది కూడా ఇదే. పక్కవాడు ఒక ఫీట్ ఖర్చుపెట్టి కొనుక్కున్నదాన్ని మనం ఉచితంగా పంచుతున్నాం. వాడికి ఎలా ఉంటుంది చెప్పండి?

అన్నిటికంటే పెద్ద లోపం, ఇందులో కర్రసాము లేదు. ఉన్నది ఇంకో దెబ్బ మాత్రమే. కర్ర తిప్పేవాడి దగ్గర మనం కళ్లప్పగించి చూసేది ఏంటి? చుట్టూ ఎవర్నీ రానివ్వకపోవడం. ఫీచర్ అక్కణ్నుంచి పుట్టాలి.

కర్ర వలయం, మూడో లెవెల్: బోనస్ యాక్షన్‌తో కర్ర తిప్పడం మొదలుపెడతారు. మీ తర్వాతి టర్న్ మొదలయ్యేవరకు మీ చుట్టూ 10 అడుగుల్లో నేల శత్రువులకి డిఫికల్ట్ టెర్రెయిన్. మీ ప్రొఫిషియెన్సీ బోనస్ ఎంతో అన్నిసార్లు వాడొచ్చు, షార్ట్ రెస్ట్ తర్వాత మళ్లీ నిండుతాయి.

డ్యామేజ్ సున్నా. కానీ ఈ వలయాన్ని అడ్డంగా దాటాలంటే 20 అడుగులకి 40 అడుగుల నడక ఖర్చు. గాబ్లిన్ స్పీడ్ 30. సన్నని దారిలో మీరు నిలబడితే వెనకున్న విజార్డ్ దాకా అది మామూలుగా నడిచి ఆ టర్న్‌లో చేరలేదు. విజార్డ్ ప్రశాంతంగా స్పెల్ వేసుకుంటాడు. సెకండ్ విండ్‌కి కూడా బోనస్ యాక్షనే కావాలి కాబట్టి, నన్ను బాగుచేసుకోనా, వాణ్ని కాపాడనా అని ప్రతిసారీ ఎంచుకోవాలి. ఆట అంటే అదే కదా. మూడో లెవెల్‌లో బోనస్ +2 కాబట్టి రెండుసార్లు, తొమ్మిదికి నాలుగుసార్లు. దానంతటదే పెరుగుతుంది.

ఏడో లెవెల్‌లో ఫైట్‌తో సంబంధం లేనిది ఇవ్వండి. సంతలో కర్ర తిప్పి జనాన్ని పోగుచేయడం, ఆ సందట్లో రోగ్ పని కానిచ్చుకోవడం లాంటిది.

టేబుల్ మీద పెట్టేముందు

డంజన్ మాస్టర్‌కి ముందే చూపించండి. "రెండు సెషన్లు ఆడి చూద్దాం, తేడాగా ఉంటే మారుద్దాం" అని అందరి ముందూ ఒప్పుకోండి. తర్వాత తగ్గించినా ఎవరూ నొచ్చుకోరు. సెషన్ అయ్యాక ఎక్కువ మాట్లాడేవాణ్ని కాదు, తక్కువ మాట్లాడినవాణ్ని అడగండి: "నీకు చేయడానికి పని దొరికిందా?" ఆ జవాబే మీ సబ్‌క్లాస్‌కి అసలు మార్కులు.

పదో లెవెల్ ఫీచర్ ఖాళీగా వదిలేశాను. అది మీరు రాయండి, ముందు లెక్క వేసుకుని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.