మాయలు, దొంగతనములు, మన యాడుబిడ్డలు

ఈ నడుమ మా తిరుపతిలో నలుగురు తల్లులు గూడినచోట నొకే మాట వినవచ్చుచున్నది. పదునాఱు, పదునేడేండ్ల బాలికలు పాఠ్యపుస్తకముల చాటున ఇంగ్లీషు నవలలు దాచుకొని చదువుచున్నారట. వానినిండ మంత్రములు, కోటలకు కన్నములు, దొంగలముఠాలు, ఆ ముఠాలలోనే వలపులు! ఇట్టి చదువు చదివిన పిల్ల రేపు తలిదండ్రుల మాట వినునా యని వారి దిగులు. బడిపంతులుగారి యిల్లాలము గనుక మమ్ము తీర్పు చెప్పుమనిరి. పుస్తకము చూడక తీర్పు చెప్పుట న్యాయము గాదని, అందొకదానిని తెప్పించి చదివితిమి.

అది లీ బార్డుగో యను అమెరికా రచయిత్రి 2015లో వెలువరించిన ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ అను నవల. మంచుకోట యని యొక దుర్గము గలదు. ఎవ్వరికిని చొరశక్యము గానిదని దానికి ప్రసిద్ధి. అందు చెఱబడియున్న యొక విద్వాంసుని బయటికి దెచ్చినచో మూడుకోట్ల నాణెములిత్తునని యొక వర్తకుడు ఆశ చూపగా, ఆఱుగురు పడుచువారు బయలుదేరుదురు. మాంత్రికుల శక్తిని మితిమీఱ బెంచు మందొకటి యా విద్వాంసుని యెఱుకలో నున్నది. దానిని మ్రింగిన మాంత్రికులు దానికే బానిసలై కృశించిపోవుదురు. ఆఱుగురిలో ఇనెజ్ యను బాలిక త్రాటిపై నడచు ఆటవారి బిడ్డ. పదునాలుగవయేట బానిసల వ్యాపారులు ఆమెను ఎత్తుకొనిపోయి అమ్మివేసిరి. ముఠానాయకునకు ఆమెపై మనసు గలదు. కాని బాల్యమున బడిన యిడుమలచే నొరుల మేను సోకినంతనే సహింపజాలని వాడతడు. నాలుగువందలకు మించిన పుటలలో తల్లులు వెఱచునట్టి శృంగారమునకై వెదకి మేము విసిగితిమి.

మఱియొక సంగతి. చదువుచున్నంతసేపు ఈ కథ నెచ్చటనో వింటిమే యను తలపు మమ్ము విడువలేదు. రెండవదినమున వంటయింట జ్ఞప్తికి వచ్చినది. అది పింగళి సూరన గారి ‘ప్రభావతీప్రద్యుమ్నము’!

పదాఱవ శతాబ్దిలో పుట్టిన యా ప్రబంధమును మా తండ్రిగారు మాకు పాఠము చెప్పిరి. వజ్రనాభుడను దైత్యుని వజ్రపురమున వాని యనుమతి లేక గాలియైన చొరరాదు. అది యింద్రునకే కంటిలో నలుసు. అట్టి పురమును చొచ్చుటకు సేన పనికిరాదు గనుక ఉపాయము పన్నిరి. శుచిముఖి యను హంస యచ్చటి కొలనులలో విహరించు నెపమున బోయి, రాజకుమారి ప్రభావతితో చెలిమి చేసి, ప్రద్యుమ్నుని గుణములను చెవిని వేయును. ఆ హంసయే రాజు కడ భద్రుడను నటుని విద్యను పొగడును. పొగడ్త చెవినిబడిన రాజునకు నాటకము చూడవలెనని ముచ్చట పుట్టి, తానే పిలిపించును. అట్లు ప్రద్యుమ్నుడును తోడి యాదవులును నటులవేషములు ధరించి, రాజు తెఱపించిన తలుపులలోనుండియే లోనికి నడతురు! పిమ్మట అంతఃపురమునకు బోవు పూలలో తుమ్మెదయై దాగి, ప్రభావతి కడకు ప్రద్యుమ్నుడు చేరును. లోన నెయ్యము, వెలుపల మాఱువేషము, కావలివానికే కునుకు పట్టించు తంత్రము: ఇంగ్లీషు నవలలో నున్నదంతయు నిందు గలదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు దీనిని ఇంగ్లీషులోనికి దింపి 2006లో ప్రకటించిరి. అమెరికా పిల్లలు చదువదగినది మన పిల్లలకు తెలియకుండుట మాకు చిన్నతనముగ తోచినది.

అయితే యా కల్యాణమునకు చెల్లించిన వెల తక్కువది గాదు. రహస్యము బయటపడి యుద్ధము రాగా, వజ్రనాభుడు అల్లుని చేతిలోనే కూలును. ప్రభావతికి పెనిమిటి దక్కెను, తండ్రి పోయెను. ఉషాకన్య కథయు నట్టిదే. ఆమె కలలో గన్న పురుషుని చెలికత్తె చిత్రరేఖ పటములు వ్రాసి గుర్తించి, ద్వారకలో నిద్రించుచున్న అనిరుద్ధుని యోగబలమున నెత్తుకొనివచ్చును. (నిద్రించువానిని అడుగక తెచ్చుట న్యాయమా యని మాకు చిన్ననాటినుండి సందేహమే.) ఆ దొంగతనము ఫలితముగ బాణాసురుని వేయిచేతులలో నాలుగే మిగిలినవి.

ఎత్తుకొనిపోవుట యెల్ల నొకతీరు గాదు. బాలనాగమ్మను మాయలమరాఠి కుక్కగ మార్చి తోడ్కొనిపోయినది వలపు గాదు, చెఱ. 1942లో జెమినీవారు తీసిన చలనచిత్రమున కాంచనమాల గారు ఆ పాత్ర ధరించిరి. ఆ కథలో నసలైన దొంగతనము బిడ్డడు చేసినది: మాంత్రికుని ప్రాణమున్న చిలుకను తెచ్చి తల్లిని విడిపించుట. మా యూరి తాతయ్యగుంట గంగమ్మ కథ తెలిసినదే గదా. ఆడువారిని చెఱచు పాలెగాడు వెఱచి దాగగా, అమ్మవారు దినమునకొక వేషము ధరించి వెదకి, దొరవేషమున వానిని బయటికి రప్పించి తల నఱికినదని చెప్పుదురు. జాతరలో మగవారు చీరలు కట్టి మ్రొక్కు తీర్చుకొనుట నేటికిని మేము చూచుచున్నాము. ఇనెజ్ తన్నమ్మినవారి వంటివారిని వేటాడ నోడను కోరుకొనుట చదివినపుడు గంగమ్మయే కనబడినది.

తల్లులకు మేము ముఖ్యముగ జెప్పినది నారాయణవనపు కథ. పుత్తూరునకు సమీపమున నున్న యా యూర ఆకాశరాజు ఏలుచుండగా, వేటకు వచ్చిన శ్రీనివాసుని పద్మావతి చెలులు రాళ్లు రువ్వి తఱిమిరి. తఱిమిన పిమ్మట పిల్ల మంచము పట్టినది. ఏమని యడిగినను పలుకదు. వైద్యులకు తెలియదు, పురోహితులకు తెలియదు. అప్పుడు స్వామి యెఱుకలసాని వేషము వేసికొని, గంప చంకనిడి, రాజవీథిలో ఎఱుక చెప్పుదునని కేకవేసెను. ఆ మాయ పద్మావతిని లోబఱచుటకు గాదు. ఆ సోది యంతయు తల్లియగు ధరణీదేవికి! నీ కూతురి జబ్బిది, ఆమె మనసున నున్నవాడితడు అని తల్లికి తెలుపుటకు జగన్నాథునంతటివాడు రవిక తొడుగవలసి వచ్చినది. ధరణీదేవి గంపను తన్నలేదు. కూర్చుండి విన్నది. పిమ్మట వకుళమాలిక పెద్దరికమున సంబంధము మాటలాడెను. ఆ పెండ్లికి కుబేరుని కడ చేసిన యప్పు నేటికిని తీఱలేదని లోకుల నమ్మకము. ఈ కల్యాణమును మన సీమ యాడుపడుచు తరిగొండ వెంగమాంబ గారు ‘వేంకటాచలమాహాత్మ్యము’న వ్రాసిరి, బాల్యముననే భర్తను గోల్పోయిన యామెకు లోకము విధించిన కట్టుబాట్లెన్నియో!

పాఠ్యపుస్తకము చాటున నున్న నవలను లాగికొని పాఱవేయవచ్చును. కాని పిల్ల నోటితో చెప్పజాలని దానిని ఆ పుస్తకము చెప్పుచున్నదేమో? అందెవ్వరు నీకు నచ్చిరి, ఎందుకు నచ్చిరి అని యడిగిన తల్లికి, వేయి సుద్దులు చెప్పిన తల్లికి తెలియనివి తెలియును. ఈ మాటకు ఇద్దఱు ఒప్పుకొనిరి, ఒకావిడ మొగము ముడుచుకొని లేచిపోయినది.

మా యింట నుండి చదువుకొనుచున్న మేనకోడలితో మేమొక యొప్పందము చేసికొంటిమి. ఆమె నవల మేము చదువవలెను. మా ప్రబంధము ఆమె వినవలెను. మూడవనాటి పాఠమున, “అత్తా, ఆ హంస రాయబారియా, దొంగయా?” యని యడిగినది. రాయబారి యని మేము, రాజును మోసగించినది గనుక దొంగయే యని యామె, చారు చల్లారువఱకు వాదించితిమి. 2016లో వచ్చిన రెండవ సంపుటము ఇపుడు మా దిండుక్రింద నున్నది. దీపమార్పుమని పంతులుగారు రెండుమాఱులు పిలిచిరి.