సైకిలు మీద గుట్టల ప్రయాణము

సైకిలు మనకు క్రొత్త వస్తువు కాదు. మన విద్యార్థులలో అనేకులు దానిపైననే బడికి వచ్చుచున్నారు. అయినను ఇంటి నుండి బడికి పోవుట వేఱు. పరుండుటకు పక్కయు, తినుటకు తిండియు, త్రాగుటకు నీరును సైకిలుకే కట్టుకొని రెండు మూడు దినములు గుట్టల నడుమ ప్రయాణము చేయుట వేఱు. ఈ రెండవ విధమగు ప్రయాణము నేడు లోకమున పలుచోట్ల వ్యాపించినది. దానిని చేయు విధమెట్టిదో, అందు జాగ్రత్తపడవలసిన సంగతు లెవ్వియో, మేము పొరపడి నేర్చుకొన్నంత వఱకు ఇచ్చట వివరింపదలచితిమి.

ఇట్టి ప్రయాణములకు పేరుపొందిన దేశములలో స్కాట్లండు ఒకటి. ఆ దేశపు ఉత్తరభాగమున ఎత్తైన కొండలును, పూర్వము హిమానీనదములు తొలిచిన పొడవైన లోయలును గలవు. సైన్యము నడచుటకై 1731లో జనరల్ వేడ్ అను నతడు కొరియారిక్ అను కనుమ మీదుగా వేయించిన బాట యిప్పటికిని నిలిచియున్నది. సుమారు 770 మీటర్ల యెత్తునకు ఎక్కు ఆ రాళ్లబాటపై నేడు పాదచారులును సైకిలువారును పోవుచుందురు. 2003 నాటి భూసంస్కరణ చట్టము ననుసరించి, బాధ్యతతో మెలగువారికి పరుల భూముల గుండ సైతము నడచుటకును, సైకిలుపై పోవుటకును అచ్చట హక్కు గలదు. నిర్జనప్రదేశములలో పూర్వము కాపరులు మొదలగువారు విడిచిపోయిన చిన్న యిండ్లు కొన్ని బాటసారుల కొఱకు తాళము లేక యుండును. అట్టివానిని బాగుచేయుటకు 1965లో స్వచ్ఛందసేవకుల సంఘ మొకటి యేర్పడెను. 1888లో బెల్ఫాస్టు నగరమున గాలి నింపు టైరును సైకిలుకు తగిలించి పేరుగాంచిన జాన్ బాయ్డ్ డన్లప్ గారును స్కాట్లండున పుట్టినవారే. ఆ దేశమున బాటసారికి కష్టము కలిగించునవి వాన, చలి, ఊబినేల.

మన సిద్దిపేట ప్రాంతమున అంతటి కొండలు లేవు. ఇది దక్కను పీఠభూమి. పేర్చినట్లు కనబడు గ్రానైట్ బండల గుట్టలు, వాని నడుమ చెఱువులు, మొరపు బాటలు మన సొత్తు. ఇచ్చట బాటసారిని బాధించునది ఎండ. శివరాత్రితో చలి శివశివా యని పోవునని మన పెద్ద లందురు. ఆ మాట వినుచునే పెరిగినవారమయ్యు, దాని యర్థమును మేము బాటమీదగాని తెలిసికొనలేదు.

శివరాత్రి కడచిన పిమ్మట దొరికిన మూడు దినముల సెలవులలో, ఉపాధ్యాయుల మిద్దఱమును, తొమ్మిదవ తరగతి బాలు రేడుగురును సిద్దిపేట నుండి మెదకునకు బయలుదేరితిమి. రామాయంపేట మీదుగా దూరము సుమారు 70 కిలోమీటర్లు. అచ్చటి నుండి 1922లో పూర్తియైన పోచారము చెఱువు వఱకు పోయి రావలెనని మా సంకల్పము. ఒక్కొక్క సైకిలుపై పదునాలుగు పదునైదు కిలోల సామాను కట్టితిమి. అందు బొంతలు, నాలుగేసి జతల బట్టలు, ఇనుప మూకుడు, గ్యాసుపొయ్యి, పుస్తకములు, తుదకు ఒక క్రికెట్ బ్యాటును గలవు. నీరు మాత్రము మనిషికి ఒక్క లీటరు. దారిలో ఊళ్లున్నవి గదా యని మేమే చెప్పితిమి. ఒక బాలుడు రెండవ సీసా తెచ్చుకొనగా, మూకుడునకు చోటు చాలదని దానిని తీయించినవారమును మేమే.

కొంతదూరము పోయిన పిదప లారీల రద్దీకి జంకి, రహదారి విడిచి గుట్టల ప్రక్క బండ్లబాట పట్టితిమి. అచ్చటనే మా లెక్క తప్పెను. మొరములో చక్రములు జాఱెను. బరువంతయు వెనుక క్యారియరుపై నుండుటచే ఎత్తు ఎక్కునపుడు ముందుచక్రము తేలిపోయెను. దిగి త్రోయుటయే గతియయ్యెను. పది కిలోమీటర్లకు మూడుగంటలు పట్టెను. నడినెత్తికి ఎండ వచ్చెను, సీసాలు ఖాళీయయ్యెను, దారిలోని కుంటలో బురద తప్ప నీరు లేకుండెను. ఇంతలో ఒక బాలుడు తల తిరుగుచున్నదని చెప్పి సైకిలు విడిచి నేలపై చదికిలబడెను. అతని మొగము పాలిపోయెను. ఒడలెల్ల చెమట పట్టెను. సెల్‌ఫోనులు మా జేబులలో నుండెను గాని, ఆ గుట్టల నడుమ ఒక్కటియు పలుకలేదు.

ఆ సమయమున గొఱ్ఱెల మందతో ఒక వృద్ధ కాపరి కనబడెను. అతడు మాటలాడక ముందే బాలుని వేపచెట్టు నీడకు చేర్పించి, కాళ్లు ఎత్తుగా పెట్టించి, తన తలగుడ్డ తడిపి మొగము తుడిచెను. సద్దిమూటతోపాటు తెచ్చుకొన్న ఉప్పు మజ్జిగను గుక్కెడు గుక్కెడుగా త్రాగించెను. పిమ్మట మా సైకిళ్లవైపు చూచి, “ఏం సారూ, సామానంత మోసుకొచ్చిన్రు, నీళ్లు మర్సిన్రా?” అనెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

బాలు డొకడు, “తాతా, నీ సామానేది?” అని యడిగెను.

“గొంగడున్నది, కట్టె ఉన్నది, సద్ది ఉన్నది, నీళ్లున్నయి. ఇంకేం గావాలె బిడ్డా?” అని యతడు నవ్వెను.

ఆ కాపరి చూపిన పొలములోని బోరు కడ మేమందఱమును నీరు నింపుకొంటిమి. అప్పటికి తేరుకొన్న బాలుని, సైకిలుతో గూడ, ఒక ట్రాలీ ఆటోలో రామాయంపేటకు చేర్చి వైద్యునికి చూపితిమి. అపాయము లేదనియు, ఆ దినము విశ్రాంతి కావలెననియు ఆయన చెప్పెను. బాలుని తల్లికి ఫోను చేసి, జరిగినదంతయు దాచక చెప్పితిమి. ఆమె కొంతసేపు మౌనముగా నుండి, “నీళ్లు తాగిచ్చుకుంట తీస్కపోండ్రి సారూ” అని మాత్రమనెను. ఆమె మమ్ము దూషించియున్నను మా కంత కష్టముగా నుండెడిది కాదు.

ఆ రాత్రి కాపరి గొంగడిని గూర్చి మేము చాలసేపు ముచ్చటించుకొంటిమి. దక్కను గొఱ్ఱెల ముతక ఉన్నిని వడికి, ఆ నూలునకు చింతగింజల గంజి పట్టించి గొంగడి నేయుదురు. అది చలికి కప్పు, వానకు గొడుగు, రాత్రికి పక్క, పగలు కూర్చుండుటకు చాప. ఒక్క వస్తువు నాలుగు పనులు చేయును గనుక కాపరికి నాలుగు వస్తువులతో పని లేదు. పూర్వము స్కాట్లండు కొండలలో పశువులను సంతలకు తోలుకొనిపోవువారును, ఇట్లే తాము కప్పుకొన్న ఉన్నిదుప్పటిలోనే ఆరుబయట పరుండెడివారు. దూరప్రయాణపు విద్యను మనము పరదేశమున వెదకనక్కఱలేదు. అది మన గుట్టలమీదనే గొఱ్ఱెల వెంట తిరుగుచున్నది.

మఱునాటి యుదయమున సామానంతయు నేలపై పఱచి, ప్రతి వస్తువును “నీవు లేకున్న నేమగును?” అని ప్రశ్నించితిమి. బదులు చెప్పలేని వస్తువులను మూటగట్టి బస్సు పార్శిలులో సిద్దిపేటకు పంపితిమి. మిగిలినది మనిషికి ఐదారు కిలోలు. ఇట్టి ప్రయాణము చేయగోరువారు గమనింపవలసిన సంగతులను మా యనుభవమును బట్టి క్రింద చెప్పుచున్నాము.

మొదటిది నీరు. లీటరు నీటి బరువు ఒక కిలో. ఆ బరువును మోయుటకు సందేహింపరాదు. ఎండకాలపు పగటికి మనిషికి నాలుగైదు లీటర్లు కావలెను. మూడవవంతు మిగిలియుండగనే మరల నింపుకొనవలెను. సీసాకు తడిగుడ్డ చుట్టినచో, ఆ తడి ఆవిరియగుచు లోని వేడిని గ్రహించును గనుక నీరు చల్లగా నుండును. మన మట్టికుండ చేయు పనియు నిదియే.

రెండవది బరువు నుంచు చోటు. బరువైన వస్తువులు నేలకు దగ్గఱగా, రెండు చక్రముల నడుమ, సైకిలు చట్రపు త్రికోణములో నుండవలెను. హ్యాండిలుపై తేలికవి మాత్రమే కట్టవలెను. అచ్చట బరువెక్కువైన సైకిలు ఊగులాడును. ఏ మూటయు చక్రమునకు గాని గొలుసునకు గాని తగులరాదు.

మూడవది చక్రమును బ్రేకును. మొరములో టైరు గాలి కొంచెము తగ్గించిన పట్టు దొరకును. మిక్కిలి తగ్గించినచో రాతిపై ఎక్కినపుడు ట్యూబు నలిగి పంచరగును. అదనపు ట్యూబు, పంపు, అతుకు సామగ్రి తప్పక యుండవలెను. దిగుడులో ముందుబ్రేకును ఒక్కసారిగా పట్టరాదు. రెండు బ్రేకులను మెల్లగా, విడిచి విడిచి పట్టవలెను.

నాలుగవది వేళ. తెల్లవారక ముందే లేచి, పదకొండు గంటలకు నీడ చేరి, నాలుగింటికి మరల కదలవలెను. జట్టులో అందఱికంటె మెల్లగా పోవువాని వేగమే అందఱి వేగము కావలెను.

ఐదవది అడుగుట. బాటను, నీటిని గూర్చి ఆ నేలపై తిరుగువారిని అడుగుటకు సిగ్గుపడరాదు. మేము ముందే అడిగియుండినచో ఆ బండ్లబాటలో నీరు లేదని తెలిసియుండెడిది.

రెండవ దినమున బాలుడు కోలుకొనగా, వైద్యుని యనుమతితో మెల్లగా సాగితిమి. అతని సామానును తక్కినవారు పంచుకొనిరి. దాదాపు 20 కిలోమీటర్లు పోవునప్పటికి, 175 అడుగుల యెత్తుగల మెదకు దేవాలయ గోపురము దూరమునుండియే కనబడెను. 1914లో ప్రారంభమై 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడమును చూపి, బాలుడు తన సైకిలు గంటను ఆగక మ్రోగించెను. పోచారము పోవు సంకల్పమును మానుకొంటిమి. మూడవ దినమున వేకువనే బయలుదేరి, ఈసారి రహదారి విడువక, ఎండ ముదురక ముందే సిద్దిపేట చేరితిమి.

బాలుని తల్లి గుమ్మము కడ నిలిచియుండెను. ఆమె మొదట కొడుకు మొగము చూచెను. తరువాత అతని సైకిలుకు వ్రేలాడుచున్న మూడు సీసాలను చూచెను. రెండింటిలో ఇంకను నీరుండెను. వచ్చు సంవత్సరము పోచారమునకు పంపుదురా యని మేము అడుగుటకు ధైర్యము చాలలేదు, ఆమెయే, “మళ్లెప్పుడు పోతరు సారూ?” అని యడిగెను.