మూగవోయిన జన్యువు

పెటూనియా పూల ఊదారంగును మరింత చిక్కపరచాలని అమెరికాలో కొందరు వృక్షశాస్త్రజ్ఞులు ప్రయత్నించారు. రంగును పుట్టించే జన్యువును మొక్కలలోనికి అదనంగా చేర్చారు. తీరా మొగ్గలు విచ్చుకొనేసరికి కొన్ని మొక్కలు తెల్లపూలు పూశాయి! కొత్త జన్యువుతోబాటు మొక్కలో పుట్టుకతో ఉన్న జన్యువు కూడ మూగవోయింది. ఈ వింత 1990లో వెల్లడైంది.

దీని గుట్టు 1998లో బయటపడింది. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే శాస్త్రజ్ఞులు మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగులోనికి రెండు పేటల ఆర్.ఎన్.ఎ.ను ఎక్కించారు. ఆ ఆర్.ఎన్.ఎ.తో అక్షరాలు కలిసిన జన్యువు పని ఆగిపోయింది. దీనినే ఆర్.ఎన్.ఎ. జోక్యం అంటారు. 2006లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

పెళ్ళివారి వంటశాలను ఊహించండి. వంటల పుస్తకం పెట్టెలో భద్రంగా ఉంటుంది. అందులోనుంచి ఒక్కొక్క వంటకం వివరాలను చీటీపై రాసి వంటవానికి పంపుతారు. కణంలో డి.ఎన్.ఎ. ఆ పుస్తకం; ఆర్.ఎన్.ఎ. చీటీ; మాంసకృత్తు వంటకం. రెండు పేటల ఆర్.ఎన్.ఎ. కనబడితే కణం దానిని సుమారు 21 అక్షరాల ముక్కలుగా కత్తిరిస్తుంది. ఆ ముక్కలోని ఒక పేట తనకు జతపడే చీటీని వెదకి పట్టుకొని, దానిని తునిగిపోయేట్లు చేస్తుంది. పుస్తకం చెక్కుచెదరదు. వంటకం మాత్రం తయారుకాదు.

కె-రాస్ అనే జన్యువు కణాన్ని విభజన చెందమని ప్రోత్సహిస్తుంది. పని పూర్తికాగానే ఊరుకుంటుంది. కాని వేల అక్షరాలున్న దాని చీటీలో ఒక్క అక్షరం తప్పిపోతే ఆ మాంసకృత్తు ఆగడం మరచిపోతుంది. క్లోమగ్రంథి కేన్సర్లలో అత్యధిక భాగం ఈ జన్యువులోని తప్పుతో ముడిపడినవే. అట్లని జన్యువునంతా అణచివేయడానికి వీలులేదు. ఆరోగ్యకరమైన కణాలకు సరియైన కె-రాస్ కావాలి కదా! పైగా బయటినుంచి ఎక్కించిన ఆర్.ఎన్.ఎ. ముక్కలు కణాలు విభజన చెందుతున్నకొద్దీ పలచబడి, కొద్దిరోజులలోనే ప్రభావం కోల్పోతాయి.

2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ కేన్సర్ సంస్థలో బ్రుమెల్‌కాంప్, బెర్నార్డ్స్, అగామీ అనే శాస్త్రజ్ఞులు ఈ రెండు చిక్కులనూ విడదీశారు. తలపిన్నులాగా తనమీదకు తానే మడతపడే ఆర్.ఎన్.ఎ.ను తయారుచేసే సూచనను ఒక వైరస్‌లో అమర్చారు. రోగాలను మోసుకొచ్చే వైరస్‌కు మందు మోసే పని అప్పగించారన్నమాట! అది ఆ సూచనను క్లోమ కేన్సర్ కణాల డి.ఎన్.ఎ.లో కుట్టివేసింది. అప్పటినుంచి ఆ కణాలు, వాటి సంతతి కూడ ఆ ఆర్.ఎన్.ఎ.ను తామే తయారుచేసుకున్నాయి. తప్పు అక్షరమున్న కె-రాస్ తగ్గిపోయింది, సరియైనది నిలిచింది. ఆ కణాలను చిట్టెలుకలకు ఎక్కించినా కణితులు పెరగలేదు.

ఎలుకలోనికి పంపకముందే కణాలకు గాజుపాత్రలో చికిత్స జరిగిందన్న సంగతి మరువరాదు. రోగి శరీరంలో ప్రతి కేన్సర్ కణాన్నీ చేరడం అంత సులభం కాదు. వైరస్ తన సరుకును ఎక్కడ కుట్టుతుందో కూడ చెప్పలేము. రోగనిరోధక శక్తి లేకుండా పుట్టిన పిల్లలకు ఫ్రాన్స్‌లో ఇటువంటి వైరస్‌తో జన్యుచికిత్స చేసినప్పుడు కొందరికి రక్తకేన్సర్ వచ్చింది.

ఆర్.ఎన్.ఎ. జోక్యంపై ఆధారపడిన మొదటి ఔషధం పటిసిరాన్ 2018లో అమెరికాలో ఆమోదం పొందింది. అది కేన్సర్‌కు కాదు, నరాలను దెబ్బతీసే ఒక వంశపారంపర్య వ్యాధికి. కొవ్వు బుడగలలో చుట్టిన ఆ మందు కాలేయాన్ని తేలికగా చేరుతుంది. కాని దాని ప్రభావం శాశ్వతం కాదు. మూడు వారాలకొకసారి తిరిగి ఎక్కించాలి.