పాత బండికి కొత్త హంగులు: ఏది ముందు, ఏది వెనుక?

మన కుటుంబాలలోని ఎందరో యువకులు పండ్లు, కూరగాయలు, కోళ్లు, ఇంటి సామాన్లు చేరవేస్తూ జీవనోపాధి పొందుతున్నారు. 2005లో టాటా ఏస్ వచ్చిన నాటి నుండి చిన్న సరుకుల బండి సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. కొత్తది కొనే స్తోమత లేనివారు పాతది కొని క్రమంగా బాగు చేసుకుంటున్నారు. ఇది మెచ్చదగిన మార్గం. అయితే బండి చేతికి రాగానే వడ్డీకి అప్పు తెచ్చి రంగులు, రంగురంగుల దీపాలు, స్పీకర్లు అమర్చి, ఆపై వాయిదాలు కట్టలేక బండినే పోగొట్టుకున్నవారిని కూడా చూస్తున్నాం. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు. హలాల్ సంపాదనకై కొన్న సాధనానికి హరామ్ పునాది వేస్తే అందులో బర్కత్ ఎలా ఉంటుంది?

కొనుగోలులో నిజాయితీ

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని అందరికీ కనబడేలా పైన ఉంచనందుకు ఆయన ఆ వర్తకుణ్ణి మందలించారు. తుప్పుపై రంగు పూయడం, మీటరు వెనక్కి తిప్పడం కూడా ఆ తడిని దాచడం వంటివే. కనుక అమ్మేవారు లోపం చెప్పాలి. కొనేవారు నమ్మకమైన మెకానిక్‌కు చూపించాలి. ఛాసిస్ నంబరు ఆర్‌.సి.తో సరిపోతున్నదా, పాత ఫైనాన్సు బాకీ తీరిందా, పన్ను, చలానాలు మిగిలి ఉన్నాయా అన్నది విచారించాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. ఇంటి ఇల్లాలి నగలు ఆమె సొత్తు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తే తప్ప వాటిపై చేయి వేసే హక్కు భర్తకు లేదు.

మెట్టు మెట్టుగా

మొదటి ఖర్చు ప్రాణరక్షణకే: బ్రేకులు, టైర్లు, స్టీరింగు, దీపాలు. రెండవది ఆదాయానికి తోడ్పడేవి: తుప్పుపట్టిన అడుగు రేకు మార్చడం, తాళ్లు కట్టేందుకు కొక్కేలు, వానకు తడవని పట్టా. సీటు, రంగు, అలంకరణ చివరివి. మా వద్ద చదువుకున్న ఒక పండ్ల వ్యాపారి ప్రతి రాత్రి ఆ రోజు లాభంలో కొంత ఒక డబ్బాలో వేసేవాడు. మొదట టైర్లు, కొన్ని నెలలకు బ్రేకులు, మరుసటి మామిడి కాలానికి అడుగు రేకు, పట్టా సమకూర్చుకున్నాడు. బండి రంగు నేటికీ వెలిసిపోయే ఉంది. కానీ అతనిపై ఒక్క రూపాయి అప్పు లేదు. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనదన్న ప్రవక్త బోధ ఇక్కడ కూడా మనకు దారి చూపుతుంది.

హద్దులు మరువరాదు

ఆర్‌.సి.లోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. కమాన్ కట్టలు పెంచి అధిక బరువు వేసేవారికి 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 ఉన్నాయి. జరిమానా కన్నా పెద్దది దారిన పోయేవారి ప్రాణం. దిష్టి పేరిట నల్లతాళ్లు, నిమ్మకాయలు కట్టడం తౌహీద్‌కు తగదు. రక్షించేవాడు అల్లాహ్ ఒక్కడే. వాహనమెక్కేటప్పటి దుఆ మనకు నేర్పబడింది. బురద చిందే చోట అల్లాహ్ నామం వ్రాయించడం గౌరవం కాదు. అద్దంపై ‘మాషా అల్లాహ్’ అని వ్రాసుకొని, లోపల తూకంలో మోసం చేస్తే ఆ వ్రాతే మనపై సాక్ష్యమవుతుంది.

ఉపాధి సాధనమైన బండి విలువపై జకాత్ లేదు. దాని ద్వారా మిగిలిన సొమ్ము నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే జకాత్ విధి అవుతుంది. డబ్బాలో వేసే సొమ్ములో పేదవాని వాటాను కూడా లెక్కించుకుందాం. అల్లాహ్ మన బండ్లకు క్షేమాన్ని, మన సంపాదనకు బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.