పెట్టెలో ఏం పెట్టి రావాలి?

ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో నోట్లు లెక్కపెట్టిన చేతులివి. అలాంటి నన్ను పట్టుకుని ఎనిమిదేళ్ళ మనవడు "తాతా, క్యాష్ వెతకడానికి పోదాం రా!" అంటే ఉలిక్కిపడనా మరి? వెతికితే దొరికే క్యాష్ ఏమిటిరా నాయనా అని అడిగాను. వాడు నవ్వి, నా చేతికి గొడుగిచ్చి, వాళ్ళమ్మ ఫోను తీసుకుని ముందు నడిచాడు.

ఇది 2023 వేసవి ముచ్చట. నేనూ, మా ఆవిడా అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పటి సంగతి. వాడు చెప్పిన క్యాష్ మన నగదు కాదు. పలకడం ఒకటే గాని రాత వేరు. దాచిపెట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాటలోంచి వచ్చిందట. ఆటపేరు జియోక్యాషింగ్. ఒకరు ఒక డబ్బాను చెట్టు మొదట్లోనో రాళ్ళ సందునో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ తెలియజేస్తారు. మిగతావాళ్ళు ఫోను చూసుకుంటూ వెళ్ళి వెతుకుతారు. దొరికితే అందులోని చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాస్తారు. డబ్బాలో బొమ్మలు, గోళీలు, తాళంచెవి గొలుసులు వంటివి ఉంటాయి. కావలసింది ఒకటి తీసుకుని, బదులుగా మనది ఒకటి పెట్టి, డబ్బాను ఎక్కడున్నదక్కడే దాచి రావాలి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయట.

ఈ ఆట పుట్టింది కూడా ఒరెగాన్‌లోనే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలను అమెరికా ప్రభుత్వం సామాన్య జనానికి కావాలనే కాస్త తప్పుగా అందిస్తూ ఉండేది. 2000 మే మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో ఆ అడ్డు తీసేశారు. దాదాపు వంద మీటర్ల దాకా ఉండే తేడా ఒక్కసారిగా పది ఇరవై మీటర్లకు దిగింది. ఆ సంబరంలో డేవ్ అల్మర్ అనే కంప్యూటరు నిపుణుడు మే 3న పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అనే చోట ఒక నల్ల బకెట్టును సగం వరకు నేలలో పాతి, అందులో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక చిక్కుడు గింజల డబ్బా పెట్టాడు. కొంత తీసుకోండి, కొంత పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నాడు. మూడు రోజులు తిరక్కుండానే ఇద్దరు వెతికి పట్టుకున్నారు. ఇప్పుడా చోట ఒక జ్ఞాపక ఫలకం ఉంది.

సరే, మా సంగతికి వద్దాం. వానలో అరగంట తిరిగాక ఒక పడిపోయిన మాను కింద మావాడికి డబ్బా దొరికింది. వాడి ముఖం చూడాలి! అందులో చిన్న టార్చిలైటు ఉంటే తీసుకున్నాడు. బదులు పెట్టడానికి మా దగ్గరేమీ లేదు. నా జేబులో ఒక ఉచితంగా వచ్చిన బాల్‌పెన్ను ఉంది, రాస్తే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. అదే పెట్టేశాను. వాడు మూత పెట్టబోయి ఆగి, "తాతా, ఇది మనకు దొరికితే మనం తీసుకుంటామా?" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. ఎంత చిన్న మొత్తమైనా ఖాతా సరిపోయేదాకా ఇంటికి వెళ్ళని ఉద్యోగం నాది. అలాంటిది, ఎవరూ చూడనిచోట వెలుగిచ్చే దీపం తీసుకుని, రాయని పెన్ను జమ చేశాను. మావాడు మారుమాట లేకుండా టార్చి తిరిగి డబ్బాలో పెట్టి, నా పెన్ను నాకిచ్చేశాడు. పుస్తకంలో పేరు మాత్రం రాసి వచ్చాం. ఏమీ తీసుకోకుండా పేరు రాసి రావడం కూడా ఆటలో చెల్లుతుందని తర్వాత మా అమ్మాయి చెప్పింది.

బి.కాం.లో మేం చదువుకున్న గ్రెషామ్ సూత్రం ఆ రాత్రి గుర్తుకొచ్చింది. చెడ్డ నాణెం మంచి నాణేన్ని చలామణీలోంచి తరిమేస్తుంది అనేది దాని సారం. మంచి వెండి ఉన్న నాణేన్ని అందరూ ఇంట్లో దాచుకుంటారు, అరిగిపోయినదాన్ని అంగట్లో చెల్లిస్తారు. ఈ డబ్బాల్లోనూ అంతే. మొదట పెట్టినవాడు మంచి వస్తువులే పెడతాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మంచిది తీసుకుని తక్కువది పెడుతూ పోతే, ఏడాది తిరిగేసరికి విరిగిన బొమ్మలు, చిరిగిన కాగితాలు మిగులుతాయి. ఆ తర్వాత వచ్చిన పిల్లవాడు మూత తీసి చిన్నబోతాడు. అందుకే ఆ ఆటగాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఒకటే: తీసుకున్నదానికి సమానమైనది గాని, అంతకంటే మేలైనది గాని పెట్టాలి. అడిగే మేనేజరు లేడు, ఆడిటరు రాడు. మన నోముల్లో వాయనం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎదుటి మనిషైనా కనిపిస్తుంది. ఇక్కడ పుచ్చుకునేవాళ్ళెవరో ఎప్పటికీ తెలియదు.

ఏవి పెట్టకూడదు?

మన కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు బయటిదేశాల్లో ఉన్నారు. బెంగళూరులోనూ ఈ ఆట కొంత ఉంది. కాబట్టి నేను తెలుసుకున్నది నలుగురికీ చెబుతున్నాను.

తినుబండారాలు వద్దు. మన వేరుశనగ ఉండ ఎంత రుచైనా ఉడుతలు, చీమలు డబ్బాను కొరికి పాడుచేస్తాయి. అగరొత్తులు, సబ్బు, అత్తరు కూడా అంతే, వాసనకు జంతువులు వస్తాయి. అగ్గిపెట్టె, చాకు, మందుబిళ్ళలు, మద్యం, పొగాకు సంబంధమైనవి ఏవీ కూడదు. పిల్లలు తెరిచే డబ్బా అది. ద్రవపదార్థాలు చలికి గడ్డకట్టి సీసాలు పగులుతాయి. చింతగింజలు, గురివింద గింజలు చూడ్డానికి అందంగానే ఉంటాయి గాని, విత్తనాలను దేశం దాటించడానికి అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. పైగా గురివింద గింజ విషం, పిల్లల చేతికి అసలే కూడదు.

పావగడ శనిమహాత్మ స్వామి పటం చిన్నది పెడితే ఎలా ఉంటుందని నేనంటే, "దేవుణ్ణి తీసుకెళ్ళి అడవిలో డబ్బాలో పెట్టి వస్తారా?" అని మా ఆవిడ కోప్పడింది. ఆవిడ మాటే నిజం. తెలియనివాళ్ళు ఎలా పట్టుకుంటారో, ఎక్కడ పడేస్తారో! నొచ్చుకునేది మనమే.

తాతల నాటి నాణేలు కూడా వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు, వస్తువులు మామూలు మనుషులు దేశం దాటించరాదు.

ఏవి పెట్టవచ్చు?

మరుసటి డిసెంబరు సెలవులకు మనవడు మా ఊరు వచ్చాడు. మాది పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట. తాలూకా ఉన్నది కర్ణాటకలో, దాని చుట్టూ దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, మగ్గం మీద పట్టు. వాడు బూట్లు విప్పకముందే, "తాతా, డబ్బాలో పెట్టడానికి మన ఊరివి ఏమున్నాయి?" అన్నాడు. పెన్ను సంగతి వాడు మరిచిపోలేదన్నమాట!

మొదట నా మేజా సొరుగు తీశాను. అందులో చెల్లని చిల్లర ఉంది. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లవు. ఆరు పలకల 3 పైసలు, అంచు వంకీలు తిరిగిన 10 పైసలు, ఖడ్గమృగం బొమ్మ ఉన్న 25 పైసలు చూసి వాడు ఎగిరి గంతేశాడు. బరువు లేదు, తడికి భయపడవు, ఏ దేశపు పిల్లవాడికైనా వింతే. బ్యాంకులో విలువ సున్నా అయిన సరుకు డబ్బాలో మేలిమి సరుకైంది.

తర్వాత వాణ్ణి వెంటబెట్టుకుని వెనక వీధిలో ఒక నేతగాళ్ళ ఇంటికి వెళ్ళాను. మునుపు ఆ వీధిలో నడిస్తే మగ్గాల చప్పుడులో మాట వినిపించేది కాదు. ఇప్పుడు నిలబడి మాట్లాడుకోవచ్చు. ఇంటాయన గుంటమగ్గం మీద ఉన్నాడు. ఆమె రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. కండె అంటే పేక నూలు చుట్టే వేలెడంత గొట్టం. దాన్ని నాడెలో పెట్టి పడుగు దారాల మధ్యగా అటూ ఇటూ విసిరితేనే గుడ్డ అవుతుంది. ఒక మూల విరిగిన కండెలు పోగుపడి ఉంటే, "అక్కా, వీటిలో రెండిస్తావా, పిల్లోడికి?" అని అడిగాను.

"ఏం జేసుకుంటాడన్నా ఇరిగినవాటితో?"

మావాడు వచ్చీరాని తెలుగులో డబ్బా కథంతా చెప్పాడు. ఎవరో తెలియని పిల్లలు తీసుకుంటారని చెప్పాడు. ఆమె విని, చేతిలోకి తీసుకున్న విరిగిన కండెను పక్కన పడేసింది. బుట్టలోంచి నున్నగా ఉన్నది ఒకటి వెతికి రాట్నానికి ఎక్కించింది. ఎర్ర పట్టు మిగులు దారం దానిమీద వత్తుగా చుట్టింది. కొసన బంగారు జరీపోగు నాలుగు చుట్లు తిప్పి, ముడి కనిపించకుండా లోపలికి దోపింది. అలా మూడు చేసింది.

"ఊరిపేరు జెప్పి ఇచ్చేదానికి ఇరిగింది ఇస్తామా అన్నా?" అంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

మనవడు ఒరెగాన్ అడవిలో అడిగిన మాటే ఈమె ఇంకో విధంగా అన్నది. ఇంత చదువుకున్న నేను మాత్రం అక్కడా, ఇక్కడా పనికిరానిదాన్నే చేతికెత్తుకున్నాను.

అందరి ఊళ్ళో మగ్గాలుండవు. అయినా ప్రతి సీమకూ ఒక పనితనం ఉంది. బెంగళూరు–మైసూరు దారిలో చన్నపట్నలో లక్కపూత బొంగరాలు దొరుకుతాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోనూ అదే అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులున్నారు. అయితే తోలుకు తడి పనికిరాదు, కాబట్టి పొడి ప్రాంతాల డబ్బాలకే అవి మంచివి. కర్ర వస్తువులు ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో తీసుకెళ్ళేవాళ్ళు విమానాశ్రయంలో ఉన్నదని చెప్పి చూపించాలి. గాజులు కావాలంటే లోహపువి ఎంచుకోండి, మట్టిగాజు పగిలితే చేతులు తెగుతాయి.

వస్తువు అగ్గిపెట్టెను మించకపోతే మంచిది. కొన్ని క్యాష్‌లు పాత ఫిల్ము డబ్బా అంతే ఉంటాయి. వాటిలో పేర్ల కాగితం తప్ప మరేమీ పట్టదు, కుక్కకండి. వస్తువును బిగువుగా మూసుకునే చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అదేమిటో నాలుగు మాటలు ఇంగ్లీషులో రాసిన చీటీ జతచేయండి. "పట్టుచీర నేసే మగ్గంలోని కండె" అని చెప్పకపోతే దొరికినవాడికి అది ఉత్త గొట్టమే. ఊరిపేరు రాయవచ్చు, పిల్లల పేర్లు, చిరునామా, ఫోను నంబరు రాయవద్దు.

ఇంకొక జాగ్రత్త. కొన్ని డబ్బాల్లో సంఖ్య చెక్కిన లోహపు బిళ్ళలు తగిలించిన వస్తువులుంటాయి. అవి మార్పిడి సరుకు కాదు. ఒక డబ్బా నుంచి మరో డబ్బాకు ప్రయాణం చేసేవి. కలెక్షన్‌కు వచ్చిన చెక్కులాంటివన్నమాట! మన చేతిలో ఉన్నా మనది కాదు, ముందుకు పంపించి తీరాలి.

మన దేశంలో ఆడేటప్పుడు బహిరంగ స్థలంలో అనామకపు డబ్బా అంటే జనానికి భయమని గుర్తుంచుకోవాలి. రైల్వేస్టేషన్లు, బడులు, ప్రభుత్వ కార్యాలయాలు, పురాతన కట్టడాల దరిదాపులకు పోకూడదు. స్థలం సొంతదారు అనుమతి తీసుకుని, లోపలిది కనిపించే డబ్బా మీద అదేమిటో రాసిపెట్టాలి. పిల్లల వెంట పెద్దవాళ్ళు ఉండాలి. మన రాళ్ళ సందుల్లో తేళ్ళు, పాములు కూడా దాగుడుమూతలాడతాయి!

జనవరిలో మనవడి దగ్గరనుంచి ఫోను వచ్చింది. మొదటి కండెను అదే మాను కింద పెట్టాడట. ఈసారి టార్చి లేదు, వేరే ఎవరో తీసుకుపోయారు. దానికి వాడేమీ బాధపడలేదు. రెండు వారాల తర్వాత చూస్తే కండె కూడా లేదు. దాని చోట సముద్రపు ఒడ్డున దొరికే నున్నటి నీలిరాయి ఒకటి ఉంది. పుస్తకంలో ఎవరిదో పేరు, తేదీ మాత్రం ఉన్నాయి.

నేను వెనక వీధికి వెళ్ళి ఆ సంగతి చెప్పాను. ఆమె రాట్నం ఆపకుండానే విని, "చుట్టు ఊడిపోకుండా ఉండిందా అన్నా?" అని అడిగింది.

ఊడిపోలేదనే చెప్పాను. ఈ వేసవికి మావాడు మళ్ళీ వస్తున్నాడు. ఇంకో అరడజను కండెలు కావాలని ఇప్పటినుంచే చెప్పి పెట్టాను.