డి డ్రైవ్‌లో ఎర్రగీత: డిలీట్ అవ్వని ఫైళ్ల సంగతి

హాస్టల్లో సీఎస్ఈ వాళ్లకి జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. బ్రాంచ్ పేరు తెలిస్తే చాలు, ఎవరో ఒకరు లాప్‌టాప్ పట్టుకొని గదికి వచ్చేస్తారు. నా దగ్గరికి తరచుగా వచ్చే కేసు ఇది: "డి డ్రైవ్ నిండిపోయింది, ఎర్రగా చూపిస్తోంది. డిలీట్ కొడితే యాక్సెస్ డినైడ్ అంటోంది." పక్కనున్న వాళ్ల సలహా ఎప్పుడూ ఒకటే: "ఫార్మాట్ కొట్టెయ్ రా, గొడవ వదిలిపోద్ది." ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. ఎందుకో చెప్తాను.

అసలు ఏంటీ రికవరీ పార్టిషన్?

డిస్క్ ఒక్కటే అయినా దాన్ని గదులుగా విడగొడతారు. ఒక్కో గది ఒక పార్టిషన్. విండోస్ 7 కాలం నాటి చాలా లాప్‌టాప్‌లలో కంపెనీ వాళ్లు 10, 20 జీబీల గదికి 'రికవరీ' అని పేరు పెట్టి, డి అనే అక్షరం తగిలించి ఇచ్చేవారు. లాప్‌టాప్ కొన్న రోజున ఎలా ఉందో ఆ కాపీ అందులో ఉంటుంది. రైతు ఇంట్లో విత్తనాలకని విడిగా తీసిపెట్టిన వడ్ల బస్తా లాంటిదన్నమాట. ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆ బస్తా మాత్రం మరకి వెళ్లదు.

విండోస్ 10, 11లలో ఈ గది చిన్నది. సాధారణంగా 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉంటుంది, డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి మనకి కనపడదు. విండోస్ బూట్ కానప్పుడు వచ్చే నీలం రంగు రిపేర్ స్క్రీన్ అక్కడి నుంచే వస్తుంది.

ఎర్రగా ఉంటే జబ్బేనా?

అన్నిసార్లూ కాదు. పాత లాప్‌టాప్‌లలో ఆ గదిని లోపలి సరుకుకి సరిపడా కొలిచే కడతారు, అందుకే కొన్న మొదటి రోజే చాలావరకు నిండి ఉంటుంది. ఇంకో రకం కూడా ఉంది. 2018 ఏప్రిల్ విండోస్ 10 అప్‌డేట్ (వెర్షన్ 1803) తర్వాత కొన్ని కంప్యూటర్లలో దాక్కొని ఉండాల్సిన పార్టిషన్‌కి అక్షరం వచ్చేసింది. ఉన్నట్టుండి కొత్త డ్రైవ్, దాంతో పాటు 'లో డిస్క్ స్పేస్' హెచ్చరిక. అక్కడ ఒక్క ఫైలు కూడా డిలీట్ చెయ్యక్కర్లేదు. డిస్క్‌పార్ట్‌లో ఆ వాల్యూమ్‌ని సెలెక్ట్ చేసి, 'రిమూవ్' కమాండ్‌తో అక్షరం తీసేస్తే చాలు. అదే డిస్క్‌పార్ట్‌లో 'క్లీన్' అనే కమాండ్ కూడా ఉంది. పేరు చూసి మోసపోకండి, అది డిస్క్‌లోని పార్టిషన్లన్నిటినీ లేపేస్తుంది.

ముందు తేదీలు చూడండి

నిజంగానే కొత్తగా నిండిందా అని తేల్చుకోవడానికి తేలిక మార్గం ఇది. ఎక్స్‌ప్లోరర్‌లో హిడెన్ ఫైళ్లు కనపడేలా పెట్టి, డేట్ మాడిఫైడ్ ప్రకారం సార్ట్ చెయ్యండి. కంపెనీ పెట్టిన ఫైళ్ల తేదీలు లాప్‌టాప్ కొన్న రోజుకి ముందే ఉంటాయి. కొన్నాక వచ్చిన తేదీలున్నవి చాలావరకు చుట్టాలే. ఆ చుట్టాలు ఎవరంటే:

1. విండోస్ బ్యాకప్. ఎప్పుడో ఎవరో ఆన్ చేసి, గమ్యంగా డి డ్రైవ్‌ని ఎంచుకుని ఉంటారు. కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, పక్కనే మీడియాఐడి.బిన్ అనే చిన్న ఫైలు కనిపిస్తే ఇదే.
2. రీస్టోర్ పాయింట్లు. ఇవి సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి.
3. మనం. ఖాళీ కనిపించింది కదా అని సినిమాలు పడేసిన వాళ్లు లేకపోలేదు.

ఎందుకు డిలీట్ అవ్వవు?

ఫైలు మొండికేస్తోంది అంటే దానికో కారణం ఉంటుంది. ఏదో ప్రోగ్రామ్ దాన్ని తెరిచి పట్టుకొని ఉండొచ్చు. రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్‌కి వెళ్లి ఫైలు పేరు వెతికితే పట్టుకున్నది ఎవరో తెలుస్తుంది. ఫైలు దారి 260 అక్షరాలు దాటి ఉండొచ్చు, అలాంటప్పుడు పై ఫోల్డర్ల పేర్లు కురచ చేస్తే సరిపోతుంది. డిస్క్‌లోనే లోపం ఉంటే చెక్‌డిస్క్ నడపాలి. ఇవేవీ కాకపోతే ఆ ఫైలుకి ఓనర్ మనం కాదని అర్థం. సిస్టమ్ కావచ్చు, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ కావచ్చు, ఇప్పుడు లేని పాత యూజర్ కూడా కావచ్చు.

ఈ చివరిది మా ఫ్లోర్‌లోనే చూశాను. ఒక జూనియర్ వాడేది వాళ్ల అక్క పాత లాప్‌టాప్. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే పేరుకి బదులు ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి నంబర్ ఉంది. మధ్యలో ఏదో షాపులో సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేశారట. దాంతో పాత యూజర్ పోయాడు, అతని సొత్తు మాత్రం డి డ్రైవ్‌లో తాళం పడి ఉండిపోయింది. అడ్మిన్ అకౌంట్‌తో ఆ ఒక్క ఫోల్డర్‌కి ఓనర్‌ని మార్చి లోపల చూస్తే జిప్ ఫైళ్లు, వాటిలో వాళ్ల తాతయ్యగారి షష్టిపూర్తి ఫొటోలు! సి డ్రైవ్‌లో ఉన్నవి షాపులోనే పోయాయి కాబట్టి ఇంట్లో వాళ్లకి మిగిలిన కాపీ ఇదొక్కటే. ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూశాం, ఆ తర్వాతే ఫోల్డర్ తీసేశాం. అదే ఫార్మాట్ కొట్టి ఉంటే విత్తనాల బస్తాతో పాటు ఇవి కూడా పోయేవి.

వరస తప్పొద్దు

అందుకే ముందు రాసేవాణ్ణి ఆపాలి, తర్వాతే రాసింది తుడవాలి. బ్యాకప్ షెడ్యూల్ ఆఫ్ చెయ్యకుండా ఫైళ్లు తీసేస్తే వచ్చే వారం మళ్లీ నిండుతుంది. పాత బ్యాకప్‌లని కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ కింద ఉండే 'మేనేజ్ స్పేస్' నుంచి తీసెయ్యొచ్చు. రీస్టోర్ పాయింట్ల ఫోల్డర్ జోలికి నేరుగా వెళ్లకండి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో డి డ్రైవ్‌ని ఎంచుకొని, అక్కడే ఆఫ్ చేసి డిలీట్ నొక్కండి. ఓనర్‌షిప్ మార్చడం ఆఖరి అస్త్రం. అది కూడా ఒక్క ఫోల్డర్‌కే, మొత్తం డ్రైవ్‌కి కాదు.

కొత్త లాప్‌టాప్ వాళ్లకి ఇంకో మాట. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ విండోస్ 10లో చాలామందికి ఎక్కలేదు. కారణం రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. దానికి మందు ఫైళ్లు తీసెయ్యడం కాదు, సి డ్రైవ్‌ని కొంచెం తగ్గించి ఆ గదిని పెద్దది చెయ్యడం.

ఏ పని మొదలుపెట్టినా ముందు స్టార్ట్ మెనూలో 'రికవరీ డ్రైవ్' అని వెతికి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ చేసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి 16 జీబీదో 32 జీబీదో దీనికే కేటాయించండి. సెమిస్టర్ ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ముందు రాత్రి లాప్‌టాప్ ఆన్ అవ్వకపోతే పనికొచ్చేది అదే.