మీకు తెలుసా? ఈకకు చిక్కే బంగారు తీగ!

మేడిపల్లి నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని పోతే ఆలేరు వస్తుంది. అక్కడికి దగ్గరే కొలనుపాక. ఒకప్పుడు కల్యాణి చాళుక్యులు ఏలిన ఊరు! ఆ వంశంలో మూడో సోమేశ్వరుడనే రాజు 'మానసోల్లాసం' రాశాడు. అందులో గాలం వేయడం మీద ఒక అధ్యాయమే ఉంది! పేరు మత్స్యవినోదం. దాదాపు 35 రకాల చేపల సంగతులు చెప్పాడు! ఏ చేపకు ఏ మేత వేయాలో కూడా! 12వ శతాబ్దంలో, అదీ ఒక రాజు!

మరి మేతే లేకపోతే? వానపాము లేదు. పిండి ముద్ద లేదు. ఉత్త ఈకకు చేప పడుతుందా? పడుతుంది! గాలానికి ఈక, దారం చుట్టి పురుగులా చేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. మాసిడోనియా జనం గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవాళ్లట. ఏలియన్ అనే రచయిత రాసిపెట్టాడు. సుమారు 1800 ఏళ్ల కిందటి మాట!

బంగారు తీగ అనే కార్ప్ చేపకు ఫ్లై కట్టడం చూశారా? 8వ నంబరు గాలం తీసుకోండి. (నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది!) గొలుసు పూసలు రెండు గాలం కాడ మీద దారంతో బిగించండి. అవే కళ్లు! తోకకు మెత్తటి నూగు ఈక. ఒంటికి గోధుమరంగు ఉన్ని. మెడ దగ్గర పుంజు ఈక నాలుగు చుట్లు. ముడి వేసి ఒక్క చుక్క జిగురు. అయిపోయింది! ఇక నీళ్లలో వేసి చూడండి. పూసల బరువుకు మొత్తం బోర్లా తిరుగుతుంది! మొన పైకి లేస్తుంది! అడుగున నాచు పట్టుకోదు. బురదలో మేసే చేపకు సరిగ్గా కావాల్సింది ఇదే!

ఇంత తేలిక ఈక దూరం ఎలా పోతుంది? దానికి పెద్ద బరువు లేదు. బరువంతా దారంలోనే ఉంది! సుమారు 9 అడుగుల కర్రను వెనక్కి, ముందుకు ఊపుతారు. గాలిలో దారం సాగుతుంది. ఈక దాని వెంట పోతుంది!

బంగారు తీగకు మూతి దగ్గర 4 మీసాలు! వాటితో రుచి చూస్తుంది! పెదాలకూ రుచి తెలుస్తుంది. ఈకను నోట్లోకి పీల్చుకుంటుంది. ఇది తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. దారం కదిలేదాకా ఆగారో, చేప వెళ్లిపోయినట్టే! అందుకే ఆరితేరినవాళ్లు దారాన్ని చూడరు. చేప తలనే చూస్తారు. తల కొంచెం వంగిందా, వెంటనే లాగాలి!

దవడల్లో ఒక్క పన్ను లేదు. గొంతులో 10 ఉన్నాయి! నత్త గుల్లను అక్కడే నలిపేస్తుంది! పైగా దీనికి జీర్ణాశయం కూడా లేదు. తిన్నది నేరుగా పేగులోకే!

దీని చెవులు మరీ చురుకు. గాలి తిత్తి నుంచి లోపలి చెవిదాకా 4 జతల బుల్లి ఎముకలు వరుసగా ఉంటాయి! శబ్దాన్ని మోసుకెళ్లేది అవే. గట్టు మీద చెప్పులు టపటపలాడించారా, ఆ రోజుకు చేప లేదు!

కార్ప్ కుటుంబపు చేపల్లో ఒక దానికి చర్మం చీలిందంటే నీళ్లలోకి ఒక రసాయనం వదులుతుంది. వాసన తగలగానే మిగతావి పరార్! కార్ల్ ఫాన్ ఫ్రిష్ దీన్ని 1938లో బయటపెట్టాడు. తేనెటీగల నాట్యం గుట్టు విప్పిన శాస్త్రవేత్తే!

ఇది ఇంకా విచిత్రం! నెదర్లాండ్స్‌లో చెరువు చేపలకు గాలం వేసి పరీక్ష చేశారు. ఒక్కసారి గాలానికి తగిలిన కార్ప్ చేప కనీసం 1 సంవత్సరం పాటు మళ్లీ సులభంగా చిక్కలేదట! చేపకు జ్ఞాపకం లేదని ఎవరన్నారు?

మన చెరువు 3 అంతస్తుల మేడ! పైన బొచ్చె. మధ్యలో రోహు. కింద మ్రిగాల, బంగారు తీగ. ఎవరి మేత వారిది! బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీది సన్నటి జీవులను వడకట్టి తింటుంది. మన ఫ్లై ఎక్కువగా పనిచేసేది కింది అంతస్తులోనే.

తెలంగాణ చెరువుల్లో ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదలడం 2016లో మొదలైంది. అందులో బంగారు తీగ కూడా ఉంది! చెరువులో చేపల హక్కు సాధారణంగా అక్కడి మత్స్యకారుల సహకార సంఘానిది. వాళ్ల జీవనం అది. ముందు వాళ్లను అడగండి, ఆ తర్వాతే గాలం వేయండి.

అమెరికాలో మల్బరీ పండ్లు రాలే చెట్ల కింద కార్ప్‌లు కాచుకుని ఉంటాయి! అందుకని ఊదారంగు ఉన్నితో అచ్చం పండులాంటి ఫ్లై కడతారు! అది టప్‌మని నీళ్లలో పడగానే చేప వచ్చేస్తుంది.

కార్ప్ కుటుంబపు పెద్దన్నల్లో ఒకటి మహసీర్! కర్ణాటకలోని కబిని నదిలో 1946లో ఒకటి గాలానికి చిక్కింది. బరువు 120 పౌండ్లు! అంటే దాదాపు 54 కిలోలు! కర్రా దారంతో దాన్ని గట్టుకు తేవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి!